ఏడో పేజీలోని ద్రోహి

ప్రెస్సు నుంచి,
మూడో తారీఖు

చిరంజీవి మేనకోడలికి,

పెద్ద మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ పుస్తకంలో ఏడో పేజీ చదవకముందు రాసి ఉంటే ఈ ముక్క ఇంకొంచెం మనస్ఫూర్తిగా రాసేవాణ్ణి.

ఫోను చేసి అడగొచ్చు కదా అనకు. ప్రూఫులో అనుమానం వస్తే ఉత్తరం రాయాలి, పార్టీ సంతకంతో జవాబు రావాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ప్రెస్సులో అదే పద్ధతి. మేనకోడలివైనా పని ఇచ్చాక నువ్వూ పార్టీవే.

నీ పుస్తకం గురించి మీ చిన్న మామయ్య చెప్పింది ఇది. బ్లాక్‌చెయిన్ అంటే ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు ఒకే లెక్కల పుస్తకానికి తలా ఒక ప్రతి రాసుకోవడమట. తర్వాతి పేజీలో ఏం రాయాలో అన్నీ ఒక మాట మీదికి రావాలి. అలా ఒక మాట మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్ నువ్వూ, నువ్వెప్పుడూ మొహం చూడని ఇంకో ఇరవైమందీ కలిసి రాశారు. మధ్యలో కొన్ని కంప్యూటర్లు చెడిపోయినా, అబద్ధమాడినా పని ఆగదు. పైగా అది ఓపెన్ సోర్సు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుందో చెప్పేదే నీ పుస్తకమట. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇక ఏడో పేజీ. అందులో చుట్టూ గీతలతో డబ్బా కట్టి మరీ వేయమన్నావు: "ఒకే దుకాణం నడిపే నలుగురు తోబుట్టువులు ఉన్నారనుకోండి. వారిలో ఒకరు ద్రోహి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి చెబుతుంటారు. అయినా దుకాణం నడవాలి. ఎలా?"

మేం నలుగురం. దుకాణం ఒకటే. ప్రూఫులు దిద్దేది నేను, మిషను నడిపేది నీ నడిపి మామయ్య, బైండింగు మీ అమ్మ, కంప్యూటర్లో టైపు చేసేది చిన్న మామయ్య. నీకీ సంగతి ఎవరు చెప్పారు? ఎవరా ద్రోహి?

నెలాఖరుకి ప్రెస్సు మూసేస్తున్నామని నీకు తెలుసు. తాళాలు చెప్పుల షాపాయనకి ఇస్తామని మాటిచ్చాం. ఆయన ఇప్పటికే వచ్చి గోడలు కొలుచుకుంటున్నాడు. మిగతా ముగ్గురూ మూసేద్దామన్నాక నేనొక్కణ్ణి ఏం చేస్తాను? నలుగురితో నారాయణ అన్నాను. ఇరవై ఐదో తారీఖుకి నువ్వు అడిగిన రెండొందల కాపీలే మా ఆఖరి పని. ఆఖరి పనిలో మా మీద మా చేతే ద్రోహి అని అచ్చు వేయిస్తావా?

జవాబు కోసం చూస్తూ,
పెద్ద మామయ్య

తా.క.: ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకోవచ్చన్న పుస్తకానికి కుట్టు వేయాలా, రెండు పిన్నులు కొడితే చాలా అని మీ అమ్మ అడుగుతోంది.

*

ఏడో తారీఖు

పెద్ద మామయ్యకి,

నమస్కారాలు. కుట్టే వేయమనండి.

ఆ నలుగురూ మీరు కాదు మామయ్యా. అసలు వాళ్ళు మనుషులే కాదు, నాలుగు కంప్యూటర్లు. మామూలువాళ్ళకి అర్థమయ్యేలా ఉదాహరణ ఒకటి రాయమన్నారు మావాళ్ళు. నలుగురు కలిసి పనిచేయడం అనగానే నాకు మీరే గుర్తొచ్చారు. అంతవరకు ప్రేమ. ద్రోహం మాత్రం నేను కల్పించాను.

లోపల జరిగేది చాలా తేలిక. నాయకుడు ఒక మాట అంటాడు. విన్నవాళ్ళు "నాతో ఇలా అన్నాడు" అని మిగతావాళ్ళందరికీ చెబుతారు. నలుగురిలో ముగ్గురి మాట కలిస్తే "ఖాయం" అని మళ్ళీ అందరికీ చెబుతారు. ముగ్గురు ఖాయమంటే ఖాయం. నాయకుడు కాసేపు పలక్కపోతే పక్కవాళ్ళు నాయకులైపోతారు. ఇలా చేస్తే నలుగురిలో ఒకరు ద్రోహి అయినా ఫరవాలేదు. ఆ ద్రోహి ఎవరో తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. దీని అందమంతా అందులోనే ఉంది.

ఏడో పేజీ ఉన్నది ఉన్నట్టు వేయండి. ప్రూఫు మీద సంతకం పెట్టి పంపుతున్నాను.

మీ మేనకోడలు

తా.క.: ఆ పేజీ చిన్న మామయ్య కంట పడనివ్వకండి. దారిన పోయే బస్సు హారన్ కొట్టినా తననే తిట్టిందనుకుంటాడు.

*

పదో తారీఖు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఆ పేజీ టైపు చేసిందే చిన్నవాడు. ఇక దాచేదేముంది?

"ద్రోహి ఎవరో తెలుసుకోవాల్సిన పని లేదు" అని రాశావు. ఈ మాట ఎవరంటారమ్మా? తెలిసినవాళ్ళే అంటారు. నీ ఉత్తరం అందరికీ వినిపించాను. ఏడో పేజీని కరెంటు మీటరు పైన అతికించాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురూ ఒక్కసారే "నేను కాదు" అన్నారు. నేనింకా ఎవర్నీ అడగనే లేదు.

ద్రోహి ఉన్నాడని తేలాక ఊరికే కూర్చోలేం కదా. ఉత్తరం అందిన రోజు నుంచే నీ పద్ధతి పెట్టాం. మొదటి రోజు నాయకుడు నీ నడిపి మామయ్య. పదకొండింటికి "టీ తాగుదాం" అన్నాడు. "నాతో టీ అన్నాడు" అని మీ అమ్మ చిన్నవాడికీ నాకూ చెప్పింది. "నాతోనూ టీ అనే అన్నాడు" అని చిన్నవాడు మీ అమ్మకీ నాకూ చెప్పాడు. మిషను చప్పుడులో ఖాయం అన్నారో కాదన్నారో వినపడక, మిషను ఆపడానికి నాయకుడు అటు వెళ్ళాడు. నాయకుడు పలకడం లేదని మీ అమ్మ నాయకురాలైంది. అప్పటికి టీ చల్లారింది. "వేడి చేద్దాం" అంది. మళ్ళీ మొదట్నుంచి మొదలు. టీ ఒంటిగంటకి తాగాం. ముగ్గురి మాట కలవక చక్కెర వేసుకోలేదు.

అసలు సంగతి ఇది కాదు. ఆ గోడ మీది కాగితాన్ని చూసి చూసి నిన్న నడిపివాడు బావురుమన్నాడు. రోజూ మధ్యాహ్నం అరగంట సేపు కాగితం లేకుండా ఉత్త మిషను తిప్పుతున్నాడట. మన చప్పుడు వినపడకపోతే వీధిలోవాళ్ళు మనం లేమనుకుంటారని! పోనీలే, ఒకడు దొరికాడు, నీ లెక్క సరిపోయిందనుకున్నాను. వాణ్ణి ఓదారుస్తూ ఓదారుస్తూ మీ అమ్మ కూడా బయటపడింది. నేను ఐదోసారి దిద్దిన ప్రూఫులు రెండేళ్ళుగా ఒక్కటీ మిషను దాకా వెళ్ళలేదట. వాటిని అట్టల లోపల పెట్టి అతికించేసిందట. "ఐదోసారి దిద్దితే పుస్తకం తయారవ్వదు అన్నయ్యా, ముసలిదవుతుంది" అంది. నా ఎర్ర సిరా అంతా జనం ఇళ్ళల్లో, అట్టల మధ్య, ఎవరికీ కనపడకుండా ఉందన్నమాట.

ఇప్పటికి ఇద్దరు తేలారు. ఇద్దరైతే ఏం చేయాలో నీ పుస్తకంలో ఉందా?

పెద్ద మామయ్య

తా.క.: నీ పుస్తకంలో ఒక్క ఫారం, ఎనిమిది పేజీలు కూడా మిషనెక్కలేదు. ముందు ఏ ఫారం వేయాలన్న దాని మీద ఇద్దరు నాయకులు మారారు.

*

పదమూడో తారీఖు

పెద్ద మామయ్యకి,

నమస్కారాలు. మీ ఉత్తరం బస్సులో చదివి గట్టిగా అరిచాను. పక్కన కూర్చున్నావిడ లేచి వెనక సీటుకి వెళ్ళిపోయింది.

ముందు ఆ కాగితం గోడ మీంచి పీకేయండి. ఈ పద్ధతి కంప్యూటర్లకి. అవి ఒక్క సెకనులో వందసార్లు మాట్లాడుకుంటాయి, వాటికి టీ చల్లారదు. నలుగురిలో ఇద్దరు ద్రోహులైతే ఈ పద్ధతి పనికిరాదు కూడా. ఇద్దర్ని తట్టుకోవాలంటే మొత్తం ఏడుగురు ఉండాలి. ద్రోహి ఒక్కరు పెరిగినప్పుడల్లా ఇంకో ముగ్గురు కావాలి. కాబట్టి ఇక్కడితో ఆపేసి, దయచేసి ఫారాలు వేయండి.

అమ్మ చేసిందీ, నడిపి మామయ్య చేసిందీ ద్రోహం కాదు మామయ్యా. నాకు చదువుతుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మీ మేనకోడలు

తా.క.: ఎవర్నీ కొత్తగా చేర్చుకోకండి. ఈ మాట కింద రెండు గీతలు గీశాను, చూడండి.

*

పదిహేడో తారీఖు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. రెండు గీతలు చూశాం. "దీని మీద ఇంత ఒత్తి చెబుతోందంటే ముఖ్యమైన విషయమే" అని వెంటనే ముగ్గుర్ని చేర్చుకున్నాం.

నిజాయితీపరుల్ని వెతకడం ఎంత కష్టమో నీకేం తెలుసు? మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు తిరిగాను. చివరికి కాగితాల షాపు యజమాని, మందుల షాపావిడ, పళ్ళ డాక్టరు ఒప్పుకున్నారు. పళ్ళ డాక్టరు లోపలికి వస్తూనే చిన్నవాణ్ణి చూసి "వీరెవరండీ?" అన్నాడు. ఏడాదిగా వారానికి మూడు మధ్యాహ్నాలు పళ్ళ డాక్టరు దగ్గరికని వెళ్తున్నాడు మీ చిన్న మామయ్య. లెక్కేస్తే ఒక్కో పన్నుకి దాదాపు ఐదుసార్లు వైద్యం జరిగి ఉండాలి. తీరా చూస్తే, పెద్ద రోడ్డులో ఫ్లెక్సీ బ్యానర్ల షాపులో పనిచేస్తున్నాడు! ప్రెస్సు మూసేశాక అందరం ఏమైపోతామోనని ముందే పని చూసుకున్నాడట.

ఇక ముగ్గురు ద్రోహులు. నీ లెక్క ప్రకారం పదిమంది కావాలి. దర్జీని, రిటైరైన లెక్కల మాస్టారిని పట్టుకొచ్చాం. పదోవారు దొరకలేదు. చెప్పుల షాపాయన ఎలాగూ గోడలు కొలుస్తూ ఇక్కడే ఉన్నాడు కదా అని ఆయన్నీ రాసేసుకున్నాం. మాస్టారు నీ లెక్కని గోడ మీద మూడు రకాలుగా చేసి చూసి, తప్పు లేదన్నారు. కుర్చీలు లేవు. దర్జీ కాగితం రీముల మీద కూర్చుంటున్నాడు.

దీంతో చిన్నవాడు అలిగాడు. "ఓపెన్ సోర్సే కదా, ఎవరైనా తీసుకుని వేరుగా పెట్టుకోవచ్చని పన్నెండో పేజీలో ఉంది" అని మన ప్రెస్సు పేరు ముందు "కొత్త" అని చేర్చి, హాలు మధ్యలో తెర కట్టేశాడు. మిషను ఒక్కటే కాబట్టి తెర దాని నడుం మీదుగా పోయింది. ఇప్పుడు కాగితం మా ప్రెస్సులో ఎక్కి వాడి ప్రెస్సులో దిగుతోంది. మీ అమ్మ కత్తెర కోసం రోజుకి పదిసార్లు సరిహద్దు దాటుతోంది. నడిపివాడు తెరకి సరిగ్గా కింద నిలబడి రెండు ప్రెస్సులకీ ఉద్యోగినంటున్నాడు.

రెండు ఫారాలు అయ్యాయి. పది మందీ చదివి ఖాయమన్నాకే మిషనెక్కుతున్నాయి.

పెద్ద మామయ్య

తా.క.: ఇరవయ్యో తారీఖున నాయకుడి వంతు కాగితాల షాపాయనది. "అసలు ప్రెస్సు మూయాలా వద్దా" అన్నదే ప్రతిపాదిస్తానంటున్నాడు. ఏడాది కింద తేలిపోయిన విషయం, మళ్ళీ ఎందుకయ్యా అని నాలుగుసార్లు చెప్పాను. వినడం లేదు. ప్రతిపాదించకూడదని నువ్వు ఒక ముక్క రాయి. నీ మాటైతే వింటారు. గీతలు మాత్రం గీయకు.

*

పంతొమ్మిదో తారీఖు

పెద్ద మామయ్యకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం సమయానికి అందాలని కొరియర్లో పంపుతున్నాను.

నేనలా రాయను మామయ్యా. కోపం తెచ్చుకోకండి. నేను ఐదేళ్ళప్పుడు కాగితం రీముల మీద పడుకుని నిద్రపోయేదాన్ని. మిషను ఆగితే మెలకువ వచ్చేది. ఆ ప్రెస్సు మూసేస్తున్నారని మీరు చెప్పిన రోజు నేను ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను. ముగ్గురూ మూసేద్దామన్నారంటే మధ్యలో దూరడానికి నేనెవర్నని ఊరుకున్నాను. కానీ ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. అమ్మ ఏడాదిగా నాతో రోజూ మాట్లాడుతోంది. మూసేద్దామని ఒక్కసారి కూడా తన నోటితో అనలేదు. "వాళ్ళు అంటున్నారు" అనే అంటుంది.

వోటు పెట్టండి. పెడితే మాత్రం సగం పద్ధతి వద్దు. నాయకుడు ఎవరితో ఏమన్నాడో అందరూ ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆ మెట్టు దాటేస్తే మిగతాదంతా దండగ. పుస్తకం పద్ధతిలోకి దిగారు కాబట్టి పూర్తిగా దిగండి.

మీ మేనకోడలు

తా.క.: ఉత్తరాన్ని మాస్టారి పేరు మీద పంపుతున్నాను. ఎందుకో మీ పేరు మీద పంపబుద్ధి కాలేదు. క్షమించండి.

*

ఇరవై రెండో తారీఖు

చిరంజీవి మేనకోడలికి,

పెద్ద మామయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. ఇకమీదట నేను రాసే ఏ ఉత్తరమైనా ముగ్గురు విన్నాకే పోస్టులో పడాలని తీర్మానం జరిగింది. (నిజం. పదమూడుకి పదమూడూ. – అమ్మ)

ఆ రోజు అందరూ కూర్చున్నారు. మాస్టారు నీ ఉత్తరం చదివి, "ఇవాళ్టి నాయకుణ్ణి తర్వాత చూద్దాం, ఈ విషయంలో మొదటి నాయకుడు ఎవరు?" అన్నారు. అందరూ నన్ను చూశారు. "ఆయన మీలో ఎవరితో ఏమన్నాడో ఒకరికొకరు చెప్పుకోండి" అన్నారు.

నడిపివాడు లేచి, "చెల్లెలు అలసిపోయింది, చిన్నవాడికి ఇష్టం లేదు, ఇద్దరూ మూసేద్దామంటున్నారు, నువ్వేమంటావని అడిగాడు. సరేనన్నాను" అన్నాడు. మీ అమ్మ లేచి, "నాతో మా అన్నదమ్ములిద్దరూ మూసేద్దామంటున్నారన్నాడు" అంది. తెర అవతలి నుంచి చిన్నవాడు, "నాతో నడిపన్నయ్యా, అక్కా మూసేద్దామన్నారని చెప్పాడు. అందుకే నేను బ్యానర్ల షాపుకి పోయాను" అన్నాడు. మాస్టారు మూడూ గోడ మీద రాశారు. ముగ్గురూ ఆ గోడని చదివి, ఒకరినొకరు చూసుకుని, ఆ తర్వాత నా వైపు తిరిగారు. చిన్నవాడు తెర తీసేశాడు.

మూసేద్దామని వాళ్ళలో ఒక్కరూ అనలేదమ్మా. అన్నది నేను. నీ ఏడో పేజీలో ద్రోహిని నేనే.

ఎందుకంటే చెబుతాను. రెండేళ్ళుగా నాకు చిన్న అక్షరాలు కనపడడం లేదు. అలవాటు మీద దిద్దుతున్నాను. మొదటి నాలుగుసార్లు కనపడని తప్పుల కోసమే ఐదోసారి ప్రూఫు అడిగేవాణ్ణి. నీ పుస్తకంలో నేను నా కళ్ళతో చదివింది ఆ ఒక్క డబ్బాయే. పెద్ద అక్షరాల్లో ఉండబట్టి కనపడింది. అది నా గురించే రాసి ఉందనుకున్నాను. వేలు నా వైపు తిరగకముందే ముగ్గురి మీదికీ తిప్పేశాను. ప్రూఫు రీడరుకి చూపు పోయిందని తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారు. నేనొక్కణ్ణి కిటికీ దగ్గర కూర్చుని, వీళ్ళు ముగ్గురూ పొద్దున్నే టిఫిను డబ్బాలు పట్టుకుని ఇక్కడికొస్తుంటే చూడాలా? చూడలేననిపించింది. నేనొక్కణ్ణీ ఇంటికి పోవడం కంటే నలుగురం పోతే మేలనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంతే అనుకున్నాను.

నడిపివాడు నన్ను కొడతాడనుకున్నాను. వాడు వెళ్ళి మిషను ఆన్ చేశాడు, కాగితం పెట్టకుండానే. ఆ చప్పుడులో ఎవరు ఏడ్చినా వినపడదని.

మాస్టారు మాత్రం వదల్లేదు. నలుగురు ద్రోహులైతే పదమూడు మంది కావాలన్నారు. వీధిలోకి వెళ్ళి మంగలిని, సైకిలు షాపాయన్ని, ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్టుమాన్‌ని లోపలికి లాక్కొచ్చారు. అప్పుడు వోటు పెట్టాం. ప్రెస్సు నడవాలని పన్నెండు, మూయాలని ఒకటి. పన్నెండులో నాది కూడా ఉంది. నా మాటకి నేనే ఎదురు వోటు వేశాను. ఆ ఒక్కటీ చెప్పుల షాపాయనది. "అయితే నా మాటకి విలువే లేదా?" అని నొచ్చుకున్నాడు. "విలువ లేకపోవడమేంటండీ, మీ మాటని తట్టుకున్నాం కదా" అన్నారు మాస్టారు.

చిన్నవాడు బ్యానర్ల షాపు మానేసి వచ్చాడు. నాకు పని పోలేదు. మీ అమ్మ పైకి చదువుతుంది, నేను కళ్ళు మూసుకుని వింటాను. తప్పు చెవిలో కూడా గుచ్చుకుంటుందని నిన్ననే తెలిసింది.

నీ రెండొందల కాపీలు తయారు. పదకొండో పేజీ మాత్రం అన్ని కాపీల్లోనూ తలకిందులుగా పడింది. పదమూడు మందిమీ చూశాం, వోటు పెట్టాం. అదే సరైనదని తొమ్మిదిమంది ఖాయం చేశారు. ఏకాభిప్రాయం అంటే నిజమని కాదు, అందరిదీ ఒకే మాటని మాత్రమేనని నువ్వే ఎక్కడో రాశావట. ఇక నీ ఇష్టం.

నీ పెద్ద మామయ్య
విన్నవారు: అమ్మ, మాస్టారు, దర్జీ (రీము మీద నుంచి)

తా.క.: నీ ఉత్తరాలన్నీ నాకు చాటుగా చదివిపెట్టింది మందుల షాపావిడ. డాక్టర్ల రాతే చదివే మనిషికి నీ రాత ఒక లెక్కా? నా గుట్టు దాచింది కాబట్టి ఆవిడా ద్రోహుల్లోకే వస్తుందని మాస్టారు తేల్చారు. ఐదుగురికి పదహారు మంది కావాలి. ఇద్దరు దొరికారు. పదహారో పేరు నీదే రాసేశాం. పుస్తకాల కోసం ఎలాగూ రావాలి కదా, ఒక్కరోజు ముందే రా. నువ్వు నిజాయితీపరురాలివేనని ద్రోహులం ఐదుగురం సంతకాలు చేసి పెట్టాం.